పేదవాడికి కావాల్సింది డబ్బా, కౌన్సెలింగా? పరిశోధనలు ఏం చెప్తున్నాయి?

ఈరోజు టాపిక్ కొంచెం బరువైనదే, కానీ చివరిదాకా ఉండండి. మన ఇళ్ళల్లో, టీ కొట్ల దగ్గర రోజూ వినే రెండు మాటలతో మొదలుపెడదాం.

మొదటి మాట: "డిప్రెషన్ అనేది డబ్బున్నోళ్ళ జబ్బు. పొద్దున్నే లేచి కూలికి పోయేవాడికి డిప్రెషన్ ఎక్కడిది, వాడికంత తీరిక ఎక్కడిది?"

రెండో మాట కొంచెం తెలివైనదిలా వినిపిస్తుంది: "పేదవాడి బాధ డబ్బు లేకపోవడమే. అప్పు తీరిస్తే బాధ అదే పోతుంది. దానికి కౌన్సెలింగ్ దేనికి?"

మొదటి మాట పూర్తిగా తప్పు. రెండోది సగం కరెక్ట్. ఏ సగం కరెక్ట్, ఏ సగం కాదు అనేది తేల్చడానికి ఆఫ్రికాలో, ఆసియాలో, మన దేశంలో కూడా పెద్ద పెద్ద ప్రయోగాలు జరిగాయి. వాటి రిజల్ట్స్ కొన్ని మనం అనుకున్నట్టే వచ్చాయి, కొన్ని అస్సలు అనుకోనట్టు వచ్చాయి. అవి ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు లెక్క చూద్దాం

2020 డిసెంబర్‌లో 'సైన్స్' జర్నల్‌లో ఒక పేపర్ వచ్చింది. రాసింది మాథ్యూ రిడ్లీ, గౌతమ్ రావు, ఫ్రాంక్ షిల్‌బాక్, విక్రమ్ పటేల్. వీళ్ళల్లో మొదటి ముగ్గురూ ఎకనమిస్టులు, విక్రమ్ పటేల్ సైకియాట్రిస్ట్. పేదరికం, డిప్రెషన్, యాంగ్జైటీ మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనల్ని ఒకచోట పెట్టి చూశారు. తేలిందేంటంటే, ఒకే సమాజంలో అందరికంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళలో డిప్రెషన్, యాంగ్జైటీ లాంటివి బాగా సంపాదించేవాళ్ళలో కంటే ఒకటిన్నర నుంచి మూడు రెట్లు ఎక్కువ.

అంటే "డబ్బున్నోళ్ళ జబ్బు" అనే మాట ఇక్కడితో అయిపోయింది. డబ్బున్నవాళ్ళకి రాదని కాదు. వాళ్ళకి వస్తే దానికో పేరుంటుంది, డాక్టర్ ఉంటాడు, ఆఫీసులో లీవు ఉంటుంది. కూలికి పోయే మనిషికి వస్తే ఒళ్ళు నొప్పులంటారు, నిద్ర పట్టట్లేదంటారు, "బెంగ పెట్టుకుంది" అంటారు, తెలంగాణలో అయితే "మనాది పట్టుకుంది" అంటారు. జబ్బు అదే కావచ్చు, కానీ ఆస్పత్రి దాకా వెళ్ళదు. అందుకే మన కంటికి కనిపించదు.

ఇప్పుడు అసలు చిక్కు. పేదరికం, డిప్రెషన్ రెండూ కలిసి కనిపిస్తున్నాయి సరే. ఏది దేన్ని తీసుకొస్తోంది? డబ్బు లేక మనసు కుంగిపోతోందా, మనసు కుంగిపోయి పని చేయలేక డబ్బు పోతోందా?

ఉత్త సర్వేతో ఇది తేలదు. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినప్పుడు యాప్‌లో బటన్ రంగు మార్చాలన్నా ఏ/బీ టెస్ట్ చేసేవాళ్ళం. సగం మంది యూజర్లకి పాత బటన్, సగం మందికి కొత్త బటన్. ఎవరికి ఏది అనేది కంప్యూటర్ లాటరీ వేస్తుంది. మిగతా అంతా ఒకటే కాబట్టి తేడా వస్తే అది బటన్ వల్లే. మీ ఫోన్‌లో ఉన్న చాలా యాప్‌లు మీ మీద ఈ టెస్టులు చేస్తూనే ఉంటాయి. ఈ పరిశోధకులు చేసిందీ అదే. లాటరీ తీసి కొంతమందికి డబ్బు ఇచ్చారు, కొంతమందికి కౌన్సెలింగ్ ఇచ్చారు, కొంతమందికి ఏమీ ఇవ్వలేదు. తర్వాత నెలలకి, ఏళ్ళకి వెళ్ళి చూశారు.

డబ్బు ఇస్తే మనసు బాగుపడుతుందా?

ముందు ఇండోనేషియా. అక్కడి ప్రభుత్వం పేద కుటుంబాలకి నగదు ఇచ్చే స్కీమ్ 2007లో మొదలుపెట్టింది. ఆ స్కీమ్ అందిన ప్రాంతాల్లో ఆత్మహత్యలు ఏమయ్యాయో క్రిస్టియన్, హెన్సెల్, రాత్ అనే ముగ్గురు ఎకనమిస్టులు లెక్క కట్టారు. ఏడాదికి జరిగే ఆత్మహత్యలు 18 శాతం తగ్గాయి. స్కీమ్ పెట్టింది ఆత్మహత్యలు ఆపడానికి కాదు, పేదరికం తగ్గించడానికి. అయినా ఈ ఫలితం వచ్చింది. ఇంకో విషయం కూడా చూశారు. పంట దెబ్బతిన్నప్పుడు ఆత్మహత్యలు పెరుగుతున్నాయి, కానీ నగదు సాయం ఉన్నచోట ఆ దెబ్బ తీవ్రత తగ్గింది.

రైతు ఆత్మహత్యల వార్తలు చదువుతూ పెరిగిన మనకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. కాకపోతే డబ్బు ఎవరి చేతికి వెళ్తుందనేది కూడా ముఖ్యమే. ఉదాహరణకి 2018లో తెలంగాణలో వచ్చిన రైతుబంధు సాయం పొలం ఎవరి పేరున ఉంటే వాళ్ళకి అందింది, కౌలుకి చేసే రైతుకి అందలేదు. వర్షం రాకపోతే మునిగేది మాత్రం ఆ కౌలు రైతే.

అసలు డబ్బు లేకపోతే మనసుకి ఏమవుతుంది? 'సైన్స్' పేపర్ కొన్ని దారులు చెప్తుంది. మొదటిది అనిశ్చితి: రేపు పని దొరుకుతుందో లేదో తెలియదు. రెండోది ఉండే చోటు: రేకుల ఇంట్లో ఎండాకాలం, చప్పుడు, నిద్ర లేకపోవడం. మూడోది అనారోగ్యం. నాలుగోది చిన్నతనంలో చూసిన ఆకలి, గొడవలు, దెబ్బలు. ఐదోది అవమానం. లోన్ యాప్‌ల సంగతి మీకు తెలుసుగా? వాయిదా దాటితే కాంటాక్ట్ లిస్ట్‌లో ఉన్న అందరికీ మెసేజ్‌లు పెడతారు. అక్కడ మనిషిని కుంగదీసేది అప్పు ఒక్కటే కాదు, నలుగురిలో తల దించుకోవడం.

వెనక్కి వెళ్ళే దారి కూడా ఉంది. డిప్రెషన్ ఉన్న మనిషికి ఏకాగ్రత ఉండదు, జ్ఞాపకం తగ్గుతుంది, "నా వల్ల ఏం కాదు" అనే నమ్మకం బలపడుతుంది. పని పోతుంది, వైద్యం ఖర్చు పెరుగుతుంది, ఆ భారం పిల్లల చదువు మీద కూడా పడుతుంది. అంటే పేదరికం డిప్రెషన్‌ని తెస్తుంది, డిప్రెషన్ పేదరికాన్ని పెంచుతుంది. ప్రోగ్రామింగ్ చేసేవాళ్ళకి ఒక్క మాటలో చెప్పాలంటే ఇదొక లూప్, బ్రేక్ చేసే కండిషన్ లేని లూప్.

డాక్టరే లేని చోట కౌన్సెలింగ్ ఎవరిస్తారు?

ఇప్పుడు ఆఫ్రికాలోని జింబాబ్వేకి వెళ్దాం. 2005లో అక్కడి ప్రభుత్వం పట్టణాల్లో పేదల ఇళ్ళు, చిన్న చిన్న దుకాణాలు కూల్చేసింది. సుమారు 7 లక్షల మంది ఇల్లో, బతుకుతెరువో, రెండూనో కోల్పోయారని ఐక్యరాజ్యసమితి అంచనా. అదే సమయంలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్ట్ రాజధాని హరారేలో పనిచేస్తున్నారు. కోటికి పైగా జనం ఉన్న ఆ దేశంలో సైకియాట్రిస్టులు అప్పట్లో డజను మంది ఉంటారేమో.

ఆయన దగ్గర వైద్యం తీసుకుంటున్న ఒక అమ్మాయి ఆత్మహత్య చేసుకుంది. మళ్ళీ చూపించుకోవడానికి ఎందుకు రాలేదని ఆయన తల్లిని అడిగారు. బస్సు ఛార్జీకి 15 డాలర్లు లేవు, అందుకే రాలేదు. ఈ విషయం ఆయనే తన టెడ్ టాక్‌లో చెప్పారు.

పేషెంట్ ఆస్పత్రికి రాలేకపోతే ఆస్పత్రే పేషెంట్ దగ్గరికి వెళ్ళాలి. కానీ ఎవరు వెళ్తారు? నర్సులు ఖాళీ లేరు, క్లినిక్‌లో గది లేదు. ఆయనకి దొరికింది 14 మంది అమ్మమ్మలు, క్లినిక్ బయట చోటు. 2006లో హరారేలోని ఎంబారే అనే పేదల పేటలో మొదలుపెట్టారు. ఆ అమ్మమ్మలు అప్పటికే క్లినిక్ తరఫున జనంలో తిరుగుతూ ఆరోగ్యం గురించి చెప్పే పెద్దావిడలు. అక్కడి షోనా భాషలో వీళ్ళని 'అంబుయా ఉటానో' అంటారు, అంటే ఆరోగ్య అమ్మమ్మలు. వీళ్ళకి ట్రైనింగ్ ఇచ్చి, చెట్టు కింద ఒక చెక్క బెంచీ వేశారు.

దానికి మొదట 'మానసిక ఆరోగ్య బెంచీ' అని పేరు పెట్టారు. ఆ పేరుంటే ఎవరూ వచ్చి కూర్చోరని చెప్పింది అమ్మమ్మలే. అందుకే అది 'ఫ్రెండ్‌షిప్ బెంచ్' అయింది. వాళ్ళు డిప్రెషన్ అనే మాట కూడా పెద్దగా వాడరు. 'కుఫుంగిసిసా' అంటారు. షోనాలో దానర్థం అతిగా ఆలోచించడం. మన 'మనాది'కి చాలా దగ్గరగా ఉంది కదా.

బెంచీ మీద జరిగేది కబుర్లు అనుకోకండి, దానికో పద్ధతి ఉంది. ముందు 14 ప్రశ్నలు అడుగుతారు, అవును లేదా కాదు అని చెప్పాలి. స్కోర్ ఎక్కువ వస్తే కూర్చోబెట్టి వింటారు. సమస్యలన్నీ చెప్పమంటారు. వాటిలో ఒక్కదాన్ని ఎంచుకోమంటారు. దానికి ఈ వారంలో చేయగలిగిన చిన్న పని ఏంటో ఆ మనిషి నోటితోనే చెప్పిస్తారు. మళ్ళీ వచ్చినప్పుడు "ఏమైంది?" అని అడుగుతారు. ఇలా ఆరు సార్లు. ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవాళ్ళని తమ దగ్గరే ఉంచుకోరు, పైవాళ్ళకి చూపిస్తారు.

ఇది పనిచేసిందా? 2016 డిసెంబర్‌లో 'జామా' జర్నల్‌లో ట్రయల్ రిజల్ట్ వచ్చింది. హరారేలో 24 క్లినిక్‌లు, 573 మంది. వాళ్ళల్లో 40 శాతం పైగా హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్ళు. సగం క్లినిక్‌లలో బెంచీ, సగం క్లినిక్‌లలో మామూలుగా ఇచ్చే వైద్యమే కొంచెం మెరుగుపరిచి ఇచ్చారు. ఆరు నెలల తర్వాత మామూలు వైద్యం తీసుకున్నవాళ్ళలో 49.9 శాతం మందికి డిప్రెషన్ ఉంది. బెంచీ మీద కూర్చున్నవాళ్ళలో 13.7 శాతం.

ఇలాంటిదే మన దేశంలో కూడా జరిగింది. గోవాలో 'సంగాత్' అనే సంస్థ 1996 నుంచి ఉంది, దాన్ని స్థాపించినవాళ్ళలో విక్రమ్ పటేల్ ఒకరు. వీళ్ళు 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీవ్రమైన డిప్రెషన్ ఉన్న 495 మందితో ట్రయల్ చేశారు. కౌన్సెలింగ్ ఇచ్చింది డాక్టర్లు కాదు, ట్రైనింగ్ తీసుకున్న మామూలు మనుషులు. ఆరు నుంచి ఎనిమిది సిట్టింగ్‌లు. ఐడియా సింపుల్: మనసు బాగైతే పని చేద్దాం అని ఆగకుండా, ఆపేసిన పనులు ఒక్కొక్కటిగా మళ్ళీ మొదలుపెట్టించడం. మూడు నెలల తర్వాత కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్ళలో 64 శాతం మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు. మిగతావాళ్ళలో 39 శాతం.

సో, అప్పు తీరకపోయినా, ఇల్లు మారకపోయినా, డిప్రెషన్ తగ్గొచ్చు. "డబ్బు లేని బాధకి కౌన్సెలింగ్ దేనికి" అన్న మాటలో తప్పు సగం ఇదే.

అనుకోనట్టు వచ్చిన రిజల్ట్స్

ఇక్కడితో ఆపేస్తే మంచి ఫీల్‌గుడ్ ఎపిసోడ్ అయ్యేది. కానీ ఇంకో రెండు ట్రయల్స్ చెప్పకపోతే మీకు సగమే చెప్పినట్టు.

ఒకటి కెన్యా. 5,756 మంది పల్లెవాసులు. కొందరికి డబ్బు, అక్కడి ధరల ప్రకారం సర్దితే 1,076 డాలర్ల విలువ. కొందరికి ఐదు వారాల కౌన్సెలింగ్. కొందరికి రెండూ. ఏడాది తర్వాత చూస్తే డబ్బు తీసుకున్నవాళ్ళ ఖర్చు, ఆస్తి, రాబడి పెరిగాయి, మనసు కూడా మెరుగైంది. కౌన్సెలింగ్ మాత్రమే తీసుకున్నవాళ్ళలో మనసులో గానీ, ఆదాయంలో గానీ కొలవగలిగిన తేడా ఏమీ రాలేదు.

అంటే కౌన్సెలింగ్ వేస్టా? అలా అనడానికి లేదు. జింబాబ్వేలో, గోవాలో ముందు డిప్రెషన్ ఉన్నవాళ్ళని గుర్తించి వాళ్ళకే ఇచ్చారు. కెన్యాలో అలా ఎంచుకోలేదు, పేద కుటుంబాలకి ఇచ్చారు. ఒక్క ఈ తేడాతోనే అంతా తేలిపోదు. ఘానాలో కూడా ఎంచుకోకుండానే 7,227 మంది పేద పల్లెవాసులతో ప్రయోగం చేస్తే, గ్రూపుగా ఇచ్చిన థెరపీ బాగా పనిచేసింది. కాకపోతే అక్కడ కొలిచింది అయిపోయిన ఒకటి నుంచి మూడు నెలలకి, కెన్యాలో ఏడాదికి. కాబట్టి కౌన్సెలింగ్ అనే పేరు పెట్టినంత మాత్రాన పనైపోదు. ఎవరికి, ఎలా, ఎన్నాళ్ళు అనేది చూసుకోవాలి.

రెండోది మళ్ళీ గోవానే. అక్కడి రెండు ట్రయల్స్‌లో ఉన్న 775 మందిని నాలుగైదేళ్ళ తర్వాత మళ్ళీ కలిశారు. కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్ళలో డిప్రెషన్ అప్పటికి కూడా 11 శాతం పాయింట్లు తక్కువ ఉంది. కొన్ని వారాల మాటలకి నాలుగైదేళ్ళ ఫలితం! రెండిట్లో బాగా పనిచేసిన దానికి మనిషికి అయిన ఖర్చు 66 డాలర్లు. "నేను ఫెయిల్యూర్‌ని" అనుకోవడం కూడా తగ్గింది. కానీ ఉద్యోగాలు పెరగలేదు, ఇంటి ఖర్చు పెట్టే స్తోమత పెరగలేదు. అందులో ఎక్కువమంది ఆడవాళ్ళు. మనసు బాగైనా బయట పని లేకపోతే, ఇంట్లోంచి వెళ్ళనివ్వకపోతే ఉద్యోగం ఎక్కడి నుంచి వస్తుంది?

దీన్నిబట్టి మనం పట్టుకోవాల్సింది ఒక్కటే. డబ్బు మనసుకి మందులా పనిచేయగలదు. కానీ మనసుకి ఇచ్చే మందు డబ్బులా పనిచేస్తుందని గ్యారంటీ లేదు. కాబట్టి ఒకదాని బదులు ఇంకోటి పెట్టడం కుదరదు. "కౌన్సెలింగ్ పెట్టాం కదా, ఇంక రైతుకి సాయం దేనికి" అని ఏ ప్రభుత్వమైనా అంటే తప్పు. "స్కీమ్ డబ్బులు వస్తున్నాయి కదా, ఇంక డిప్రెషన్ ఏంటి" అని ఇంట్లోవాళ్ళు అన్నా తప్పే. ఇంకో మాట, డిప్రెషన్‌కి వైద్యం అందాలంటే ఆ మనిషి రేపు ఎక్కువ సంపాదిస్తాడని నిరూపించాల్సిన పని లేదు. కాలు విరిగినవాడికి కట్టు కట్టేముందు ఆ లెక్క అడగం కదా.

మరి మన దగ్గర?

నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. రకరకాల మానసిక జబ్బుల్లో 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందట్లేదని తేలింది. వైద్యం తీసుకునే కుటుంబాలకి మందులకి, ప్రయాణానికి కలిపి నెలకి 1,000 నుంచి 1,500 రూపాయలు అవుతోంది. జింబాబ్వే తల్లికి అడ్డొచ్చిన బస్సు ఛార్జీ ఇక్కడా అడ్డొస్తోంది. ఇప్పుడు తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రాలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఫ్రీ. టికెట్ పోయింది, బాగుంది. కానీ ఆ రోజు కూలి పోతుంది, అది ఎవరూ ఇవ్వరు.

దూరం ఒక్కటే కాదు, పేరు కూడా అడ్డమే. హైదరాబాద్‌లో 'ఎర్రగడ్డ' అంటే ఏంటో మీకు తెలుసు. అది మంచి వైద్యం దొరికే ప్రభుత్వ ఆస్పత్రి, మనం దాన్ని తిట్టుగా మార్చాం. "వీణ్ణి ఎర్రగడ్డకి పంపాలి" అని ఫ్రెండ్స్ మధ్య జోక్ వేసినప్పుడు, ఆ గ్రూపులో నిజంగా వైద్యం కావాల్సినవాడు ఒకడు ఉంటే వాడు ఇంక నోరు తెరవడు. అమ్మమ్మలు బెంచీ పేరు ఎందుకు మార్పించారో ఇప్పుడు అర్థమైందా?

మన దగ్గర కూడా ప్రయత్నం జరిగింది. పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 'స్మార్ట్ మెంటల్ హెల్త్' అనే ప్రాజెక్ట్ చేశారు. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చారు. వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి అందులోని ప్రశ్నలు అడుగుతారు, అవసరమున్నవాళ్ళని పీహెచ్‌సీ డాక్టర్ దగ్గరికి పంపుతారు, వెళ్ళారో లేదో మళ్ళీ కనుక్కుంటారు. డాక్టర్‌కి ఏం చేయాలో ట్యాబ్‌లోనే సూచనలుంటాయి. జనంలో సిగ్గు, భయం పోవడానికి నాటకాలు కూడా వేయించారు. అంటే ఊళ్ళో అందరికీ తెలిసిన ఆశా అక్కే మనకి అంబుయా ఉటానో కాగలదు. కాకపోతే ఇప్పటికే మోయలేనంత పని ఉన్న మనిషి మీద ఇంకో పని పెడితే దానికి జీతం, ట్రైనింగ్, వెనక నిలబడే డాక్టర్ ఉండాలి. హరారేలో అమ్మమ్మల్ని ఊరికే వదిలేయలేదు.

మీరు, నేను ఏం చేయొచ్చు?

ఒకటి. 14416. ఇది టెలీ మానస్ నంబర్, కేంద్ర ప్రభుత్వానిది. 2022 అక్టోబర్ 10న మొదలైంది. 24 గంటలూ ఉంటుంది, ఫ్రీ, తెలుగులో మాట్లాడొచ్చు. ఇప్పుడే సేవ్ చేసుకోండి. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళ ఫోన్‌లో కూడా సేవ్ చేసిపెట్టండి, కీప్యాడ్ ఫోన్‌లోనూ పనిచేస్తుంది.

రెండు. మీ చుట్టూ ఎవరైనా నిద్ర లేక, తిండి తగ్గి, మాట తగ్గి కనిపిస్తే "ధైర్యంగా ఉండు" అని వదిలేయకండి. "ఏమైంది, చెప్పు" అని అడిగి పూర్తిగా వినండి. మీరు థెరపిస్ట్ అవ్వక్కర్లేదు. పీహెచ్‌సీకో, జిల్లా ఆస్పత్రికో తోడు వెళ్తే చాలు. చచ్చిపోవాలనిపిస్తోంది అనే మాట వస్తే అస్సలు తేలిగ్గా తీసుకోకండి, ఒంటరిగా వదలకండి, అప్పుడే ఫోన్ చేయండి.

మూడు. అప్పు గురించి అడగడానికి మొహమాటపడకండి. చాలాసార్లు మనాది వెనక ఒక అంకె ఉంటుంది: ఎంత, ఎవరికి, ఎప్పటికి. అది బయటకి చెప్పుకోగలిగితే సగం అవమానం తగ్గుతుంది. రావాల్సిన పెన్షన్, రేషన్, పంట సాయం ఏదైనా ఆగిపోయి ఉంటే మీ ఫోన్‌లో అప్లికేషన్ పెట్టివ్వండి. ఆ ఇంటికి అది కూడా మానసిక ఆరోగ్యం పనే.

ఇదీ ఈరోజు ఎపిసోడ్. "కూలోడికి డిప్రెషన్ ఏంటి" అనే మాట ఈసారి మీ ఇంట్లో వినిపిస్తే గొడవ పడకండి, ఈ బెంచీ కథ చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్త, ఉంటాను.